స్టార్ వచ్చాక మీ దగ్గర ఎవరుంటారు?

ఫిబ్రవరి వచ్చిందంటే నెల్లూరు, కావలి, ఒంగోలు బాస్కెట్‌బాల్ వాట్సాప్ గ్రూపుల్లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ ట్రేడ్‌ల, అంటే జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడుల, గోల మొదలవుతుంది. "అన్నా, ఇద్దరు కుర్రోళ్లు, మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు పడేస్తే వాళ్లెందుకు కాదంటారు?" అని ఒకరు పెడతారు. పిక్ అంటే ఏటా జరిగే డ్రాఫ్ట్‌లో కొత్త ఆటగాణ్ని ఎంచుకునే హక్కు. కింద జవాబులన్నీ ఆ స్టార్ ఎంత గొప్పోడో చెప్పేవే. ఆ కుర్రోళ్ల జీతం ఎంత, ఆ పిక్‌లు ఏ ఏడాదివి, అవన్నీ ఇచ్చేశాక మన అయిదుగురిలో మిగిలేదెవరు అని అడిగే మనిషి కనపడడు. ట్రేడ్ గెలిచేదీ, మునిగేదీ అక్కడే.

లెక్క చివరి నుంచి మొదలుపెట్టాలి. స్టార్ వచ్చేశాడనుకొని, అతని పక్కన ఆడే నలుగురి పేర్లు, బెంచి మీద నుంచి దిగే మరో నలుగురి పేర్లు కాగితం మీద రాసుకోవాలి. ఆ ఎనిమిది పేర్ల చుట్టూ గీత గీసి, బయట ఉన్నవాటితోనే బేరం కట్టాలి. అవి చాలకపోతే ఆ స్టార్ మీకు అందడు. లోపలివాళ్లలో ఒకరిని బయటికి తేవాల్సి వస్తే ఎవరిని తెస్తున్నారో, ఆ ఖాళీ ఎవరితో నింపుతారో అప్పటికప్పుడే రాసుకోవాలి. పిక్‌ల సంగతి ఆ తర్వాత.

ముందు డబ్బు. ఎందుకంటే ఎంత మంచి ప్రతిపాదనైనా జీతాలు కలవకపోతే లీగు ఆఫీసు దాన్ని చూడను కూడా చూడదు.

2025-26 సీజన్‌కు గీతలు నాలుగు. జీతాల క్యాప్, అంటే జట్టు మొత్తం జీతాలకు లీగు పెట్టే మొదటి పరిమితి, 15.46 కోట్ల డాలర్లు. లగ్జరీ టాక్స్ 18.79 కోట్ల దగ్గర మొదలవుతుంది. ఆ పైన దాటితే ఆంక్షలు పడే గీతలు రెండు: మొదటి ఏప్రన్ 19.59 కోట్లు, రెండో ఏప్రన్ 20.78 కోట్లు. స్టార్‌ను కొనే స్థితిలో ఉన్న జట్లు దాదాపు అన్నీ క్యాప్ దాటి ఉంటాయి కాబట్టి, ఎంత జీతం పంపితే ఎంత జీతం తెచ్చుకోవచ్చు అనే నియమం వాటికి వర్తిస్తుంది. పంపే జీతం చిన్నదైతే వెసులుబాటు ఎక్కువ. స్టార్ స్థాయి జీతాల దగ్గర మాత్రం, పంపే మొత్తానికి 125 శాతం, దాని మీద రెండున్నర లక్షల డాలర్లు, అంతవరకే తెచ్చుకోవచ్చు. మొదటి ఏప్రన్ దాటిన జట్టుకు ఆ పాతిక శాతం కూడా లేదు. పంపినదానికంటే ఒక్క డాలరు ఎక్కువ తీసుకోకూడదు.

లెక్క కోసం లీగులో మన నెల్లూరు జట్టు ఒకటి ఉందనుకుందాం. మొత్తం జీతాలు 18.5 కోట్లు, పదిహేను మంది ఆటగాళ్లు. అడుగుతున్న స్టార్ జీతం 5 కోట్లు. 125 శాతం సూత్రం తిరగేస్తే కనీసం 3.98 కోట్ల జీతాలు పంపాలి. ముగ్గురు ఆటగాళ్లను కలిపి సరిగ్గా 3.98 చేశారనుకోండి. ట్రేడ్ కుదురుతుందో లేదో లెక్కచెప్పే ఆన్‌లైన్ ట్రేడ్ మెషీన్‌లో పచ్చ టిక్కు పడుతుంది. గ్రూపులో స్క్రీన్‌షాట్ కూడా పడుతుంది.

తప్పు ఇక్కడే దొర్లుతుంది. పంపినదానికంటే ఎక్కువ జీతం తీసుకున్నారు కాబట్టి ఆ సీజన్ ముగిసే జూన్ 30 దాకా మీ జట్టుకు మొదటి ఏప్రన్ హార్డ్ క్యాప్ అవుతుంది. ఏ కారణంతోనూ ఆ గీత దాటకూడదు. ట్రేడ్ తర్వాత మీ జీతాలు 19.52 కోట్లు. గీతకు మిగిలిన జాగా ఏడు లక్షల చిల్లర. ముగ్గురు పోయి ఒకరు వచ్చారు కాబట్టి రోస్టర్‌లో ఉన్నది పదమూడు మంది. సీజన్ మొదలయ్యేసరికి కనీసం పద్నాలుగు మంది ఉండాలి. అనుభవమున్న ఆటగాణ్ని కనీస వేతనానికి తెచ్చుకున్నా సుమారు 23 లక్షల డాలర్లు లెక్కకొస్తుంది. ఏడు లక్షల్లో ఇరవైమూడు ఎట్టా పడతాయి? పడవు.

అదే ప్రతిపాదనలో పంపే జీతాలను 4.2 కోట్లకు పెంచితే మొత్తం 19.3 అవుతుంది. జాగా 29 లక్షలు. పద్నాలుగో మనిషి వస్తాడు, ఇంకో ఆరు లక్షలు మిగులుతాయి. అంటే పంపే ఆటగాళ్ల జాబితాలో ఇరవైరెండు లక్షల తేడా ఈ ట్రేడ్‌కు ప్రాణం. ఎవరికీ పట్టని బెంచి ఆటగాడి పేరు పెద్ద ట్రేడ్‌లలో అకస్మాత్తుగా కనిపించడానికి కారణం చాలాసార్లు ఇదే. సీజన్ మధ్యలో అయితే కనీస వేతనం మిగిలిన రోజుల లెక్కనే పడుతుంది, పైగా పద్నాలుగు కంటే తక్కువగా ఒక విడతలో రెండు వారాల దాకా ఉండొచ్చు. అందుకే ఫిబ్రవరిలో కొన్ని జట్లు పదమూడు మందితోనే రోజులు నెట్టి, ధర దిగాక సంతకం పెట్టించుకుంటాయి.

రెండో ఏప్రన్ దాటిన జట్టు సంగతి ఇంకా ఇరుకు. ఇద్దరి జీతాలు కలిపి ఒకరికి సరిపెట్టడమే కుదరదు. 5 కోట్ల స్టార్ కావాలంటే 5 కోట్లో, అంతకు పైనో తీసుకునే ఒక్క ఆటగాణ్ని ఎదురివ్వాలి. డబ్బు జోడించి పంపడం కూడా నిషేధం. ఏడేళ్ల తర్వాతి ఫస్ట్ రౌండ్ పిక్ స్తంభించిపోతుంది, దాన్ని ఎవరికీ ఇవ్వలేరు. కాబట్టి అలాంటి జట్టు పేరు పెట్టి మూడుకు ఒకటి ట్రేడ్ రాసేవాళ్లు ఆ రాత తుడిపేయొచ్చు. ఇంకా, గీత కింద ఉన్న జట్టు కూడా జీతాలు కలిపి పంపితే, ఆ ఏడాదికి రెండో ఏప్రన్ హార్డ్ క్యాప్ అయిపోతుంది.

ఈ నియమాలు వచ్చాక విలువ పెరిగినవాళ్లు ఎవరంటే, రెండు రెండున్నర కోట్లు తీసుకునే మామూలు మంచి ఆటగాళ్లు. వాళ్లు లేకుండా కనీస వేతనం వాళ్లు, భారీ జీతం వాళ్లు మాత్రమే ఉన్న జట్టుకు స్టార్ దొరికినా జీతాలు కలవవు. ఇద్దరు స్టార్లున్న జట్టు మూడో స్టార్‌కు బేరం ఆడలేకపోవడం మనం చూస్తున్నదే.

జీతాల్లో ఇంకో మూడు మెలికలున్నాయి. కొన్ని కాంట్రాక్టుల్లో ట్రేడ్ కికర్ ఉంటుంది. ఆటగాడు మారినప్పుడు మిగిలిన జీతంలో 15 శాతం దాకా అదనం. కట్టేది పంపే జట్టు, లెక్క పడేది తీసుకునే జట్టు మీద. 5 కోట్ల స్టార్ అలా 5.75 కోట్లు అయితే పైన వేసిన లెక్కంతా మళ్లీ వేయాలి. రెండోది, రూకీ కాంట్రాక్టు (డ్రాఫ్ట్ అయ్యాక వచ్చే తొలి కాంట్రాక్టు) పొడిగింపు మీద సంతకం పెట్టి ఇంకా పాత జీతంలోనే ఉన్న కుర్రాడు. అతణ్ని పంపే జట్టుకు ఇప్పటి జీతమే లెక్క. తీసుకునే జట్టుకు మాత్రం ఈ ఏడాదీ, కొత్త ఏళ్లూ కలిపిన సగటు లెక్క. ఇప్పుడు 60 లక్షలు తీసుకుంటూ, వచ్చే అయిదేళ్లకు 20 కోట్లు రాసుకున్నవాడు పంపేవైపు 60 లక్షలు, తీసుకునేవైపు దాదాపు 3.43 కోట్లు. రెండువైపులా జీతాలు కలపడం మహా కష్టం. మూడోది తేదీలు. వేసవిలో సంతకం పెట్టినవాళ్లలో ఎక్కువమందిని డిసెంబర్ 15 దాకా కదపలేరు. డ్రాఫ్ట్ ఆటగాడు సంతకం పెట్టాక ముప్ఫై రోజులు ఆగాలి. 2014లో కెవిన్ లవ్ క్లీవ్‌లాండ్‌కు రావడం ఆగస్టు 23 దాకా సాగింది ఆండ్రూ విగ్గిన్స్‌కు ఆ ముప్ఫై రోజులు నిండాలనే.

ఇక గీత లోపలి ఎనిమిది మంది. ఒంగోలు గిత్తల బేరం తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పళ్లు, మూపురం, నడక అన్నీ చూసి గొప్ప ఎద్దును తెచ్చుకుంటారు. కానీ దాని డబ్బు కోసం ఇంట్లో ఉన్న జత ఎద్దును అమ్మేస్తే కాడికి రెండోవైపు కట్టేదేముంది?

2023 ఫిబ్రవరిలో ఫీనిక్స్ చేసింది సరిగ్గా ఇదే. కెవిన్ డ్యురాంట్ కోసం మికాల్ బ్రిడ్జెస్, క్యామ్ జాన్సన్, జే క్రౌడర్, ఏ షరతూ లేని నాలుగు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, 2028 స్వాప్ (ఆ ఏడాది పిక్‌లు మార్చుకునే హక్కు) ఇచ్చింది. డ్యురాంట్ బాగానే ఆడాడు. కానీ రెండువైపులా ఆడే పొడుగాటి వింగ్ ఆటగాళ్లు ఇద్దరూ ఒకేసారి పోయారు. ఆ వేసవిలోనే బ్రాడ్లీ బీల్‌ను తెచ్చి జీతాలు రెండో ఏప్రన్ దాటించింది. ఇక ఆ ఖాళీ నింపే దారులు చాలావరకు మూసుకుపోయాయి. బీల్ కాంట్రాక్టులో నో-ట్రేడ్ క్లాజ్ ఉండేది, కాబట్టి అతని ఒప్పుదల లేకుండా కదపడమూ కుదరలేదు. 2024లో మొదటి రౌండ్‌లోనే మిన్నెసోటా చేతిలో 4-0 ఓటమి. 2024-25లో 36 గెలుపులు, 46 ఓటములు, ప్లేఆఫ్‌లే లేవు. 2025 వేసవిలో డ్యురాంట్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చినప్పుడు వచ్చింది జేలెన్ గ్రీన్, డిల్లన్ బ్రూక్స్, పదో నంబరు పిక్, అయిదు సెకండ్ రౌండ్ పిక్‌లు. కొన్న ధర, అమ్మిన ధర పక్కపక్కన పెట్టి చూసుకోండి.

మిన్నెసోటా కథ వేరు. 2022లో రూడీ గోబేర్ కోసం అయిదుగురు ఆటగాళ్లు, నాలుగు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, ఒక స్వాప్ ఇస్తే అందరూ నవ్వారు. ధర ఎక్కువే, అందులో అనుమానం లేదు. ఆ ట్రేడ్‌లో పోయిన వాకర్ కెస్లర్ అంతకు కొన్ని రోజుల ముందే డ్రాఫ్ట్ అయిన కుర్రాడు. అయినా ఆంథొనీ ఎడ్వర్డ్స్, జేడెన్ మెక్‌డానియల్స్, కార్ల్-ఆంథొనీ టౌన్స్ ముగ్గురూ గీత లోపలే మిగిలారు. 2024లోనూ, 2025లోనూ ఆ జట్టు వెస్ట్ ఫైనల్ దాకా వెళ్లింది. పిక్‌లలో ఎక్కువ కట్టి, ఆటగాళ్లలో తక్కువ కట్టింది.

టొరొంటో 2018లో కవై లెనార్డ్ కోసం ఇచ్చింది డెమార్ డెరోజన్, యాకబ్ పర్టల్, తొలి ఇరవై స్థానాలకు ప్రొటెక్షన్ ఉన్న (అంటే ఆ స్థానాల్లో పడితే తమకే ఉండిపోయే) ఒక పిక్. వెనక్కి డానీ గ్రీన్ కూడా వచ్చాడు. కైల్ లౌరీ, పాస్కల్ సియాకమ్, సెర్జ్ ఇబాకా, ఫ్రెడ్ వాన్‌వ్లీట్, ఓజీ అనునోబి ఒక్కరూ కదల్లేదు. మరుసటి ఏడాదే ట్రోఫీ. అంత చవగ్గా ఎందుకొచ్చాడంటే లెనార్డ్ కాంట్రాక్టులో మిగిలింది ఒక్క ఏడాది, ముందటి సీజన్‌లో గాయంతో ఆడింది తొమ్మిది మ్యాచ్‌లే. పణం పెట్టింది కూడా ఆ ఒక్క ఏడాదికి తగినంతే. 2019 వేసవిలో అతను వెళ్లిపోయాడు, టొరొంటోకు పోయిందేమీ లేదు.

దీనికి మినహాయింపు ఒకటుంది. 2019లో లేకర్స్ లాంజో బాల్, బ్రాండన్ ఇంగ్రమ్, జాష్ హార్ట్, నాలుగో నంబరుతో సహా మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు ఇచ్చి ఆంథొనీ డేవిస్‌ను తెచ్చుకుని, జట్టంతా ఊడ్చేసి కూడా 2020లో గెలిచారు. మిగిలినవాడు లెబ్రాన్ జేమ్స్ అయితే అట్టా చేయొచ్చు. మీ దగ్గర లెబ్రాన్ ఉన్నాడా అని చూసుకుని ఈ ఉదాహరణ ఎత్తండి.

పిక్‌ల దగ్గరకు వద్దాం. గ్రూపుల్లో అన్నిటికంటే ఎక్కువ తప్పులు ఇక్కడే పడతాయి. "నాలుగు ఫస్ట్‌లు" అనే మాటకు విడిగా విలువ లేదు. ఎవరి పిక్, ఏ ఏడాది, ఏ షరతు, ఈ మూడూ తెలిస్తేనే ధర.

మొదట చట్టబద్ధంగా ఎన్ని ఇవ్వగలరో చూడాలి. పిక్‌లు ఏడేళ్ల ముందు దాకానే ఇవ్వొచ్చు. వరసగా రెండేళ్లు ఫస్ట్ రౌండ్ పిక్ లేకుండా ఉండే పరిస్థితి తెచ్చుకోకూడదు. దీన్ని స్టెపియన్ రూల్ అంటారు. 1980ల మొదట్లో క్లీవ్‌లాండ్ యజమాని టెడ్ స్టెపియన్ పిక్‌లన్నీ పంచిపెట్టిన ఫలితం ఇది.  కాబట్టి 2025-26 సీజన్‌లో, తన పిక్‌లన్నీ చేతిలోనే ఉన్న జట్టు ఇవ్వగలిగినవి 2026, 2028, 2030, 2032. మధ్యలోని 2027, 2029, 2031లో పిక్ ఇవ్వలేరు గానీ స్వాప్ హక్కు ఇవ్వొచ్చు. అంటే రెండు జట్ల పిక్‌లలో మంచిది వాళ్లు తీసుకుంటారు, రెండోది మీకు వదుల్తారు. డ్యురాంట్ ట్రేడ్‌లో ఏళ్లు చూడండి: 2023, 2025, 2027, 2029 పిక్‌లు, 2028 స్వాప్. ఆ ఎడం ఈ నియమం వల్లే.

వెసులుబాటు రెండు విధాలుగా వస్తుంది. పక్క ఏడాదిలో వేరే జట్టు పిక్ మీ చేతిలో ఖాయంగా ఉంటే మీ సొంతది వదులుకోవచ్చు. ప్రొటెక్షన్ ఉండి వస్తుందో రాదో తెలియని పిక్ దీనికి పనికిరాదు. రెండోది డ్రాఫ్ట్ రాత్రి. నియమం రాబోయే డ్రాఫ్ట్‌లకే కాబట్టి, ఈ ఏటి పిక్‌తో ఆటగాణ్ని ఎంచుకున్న మరుక్షణం ఆ ఏడాది లెక్కలోంచి పోతుంది. అప్పుడు ఆ ఆటగాణ్నీ, వచ్చే ఏడాది పిక్‌నీ కలిపి ఇవ్వొచ్చు. ఫిబ్రవరిలో కుదరనిది జూన్‌లో కుదరడానికి ఇదొక కారణం.

ఇప్పుడు విలువ. స్టార్ వచ్చాక మీరు బాగా ఆడతారు. కాబట్టి మొదటి రెండేళ్ల పిక్‌లు ఇరవైల్లో పడతాయి. అమ్మేవాడికి ఆ సంగతి తెలుసు, అందుకే వాటిని పెద్దగా లెక్కచేయడు. అతని కన్ను అయిదారేళ్ల తర్వాతి పిక్ మీద. అప్పటికి మీ స్టార్‌కు ముప్ఫై నాలుగో, ముప్ఫై అయిదో వచ్చి ఉంటాయి, జట్టు కిందికి దిగి ఉంటుంది. 2019 నుంచి, డ్రాఫ్ట్ వరస తేల్చే లాటరీలో అట్టడుగు మూడు జట్లకూ మొదటి పిక్ అవకాశం ఒకేలా 14 శాతం, మొదటి నాలుగు స్థానాలకు చీటీ తీస్తారు. కాబట్టి మరీ అడుగుకు పోనక్కర్లేదు, ప్లేఆఫ్ తప్పితే చాలు, మీ పిక్ అవతలివాడికి బంగారం కావొచ్చు.

దూరపు పిక్ ధర ఎంతో చెప్పే మంచి ఉదాహరణ 2025 జనవరిలో దొరికింది. ఫీనిక్స్ తన 2031 పిక్ ఒక్కటి, ఏ షరతూ లేకుండా, యూటాకు ఇచ్చి మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు తెచ్చుకుంది. ఆ మూడూ రెండు మూడు జట్ల పిక్‌లలో చివరగా పడేవి. ఒకటికి మూడు! అమ్మేవాడి చేతికి దూరపు, షరతు లేని పిక్ ఇచ్చినప్పుడు అది మూడు మామూలు పిక్‌లని అనుకునే రాయండి.

బ్రుక్లిన్ 2013లో చేసిన తప్పు అందరికీ తెలిసిందే అయినా ఏళ్లు గమనించాలి. బోస్టన్ నుంచి తెచ్చుకున్న కెవిన్ గార్నెట్‌కు అప్పటికి 37, పాల్ పియర్స్‌కు 35. వాళ్లతో గెలిచే సమయం మహా అయితే రెండేళ్లు. ఇచ్చింది 2014, 2016, 2018 పిక్‌లు, 2017 స్వాప్. వాళ్లు ఆడని ఏళ్లను తాకట్టు పెట్టారన్నమాట. 2016 పిక్ మూడో నంబరైంది, జేలెన్ బ్రౌన్ వచ్చాడు. 2017 స్వాప్ మొదటి నంబరైంది. బోస్టన్ దాన్ని ఫిలడెల్ఫియాతో మార్చుకుని మూడో స్థానంలో జేసన్ టేటమ్‌ను తీసుకుంది, మీద మరో పిక్ కూడా సంపాదించింది. 2024లో ఆ ఇద్దరితోనే ట్రోఫీ.

కాబట్టి ఇచ్చే వరస నా లెక్కలో ఇదీ. ముందు దగ్గరి ఏళ్ల సొంత పిక్‌లు, వేరే జట్ల నుంచి వచ్చిన ప్రొటెక్షన్ పిక్‌లు. తర్వాత మీరు బలంగా ఉండే ఏళ్ల స్వాప్‌లు. స్వాప్ చూడటానికి చిన్నది, కానీ బలహీనమైన ఏడాదిలో పడితే పిక్ పోయినట్టే. అది కూడా చాలకపోతే దూరపు పిక్, తొలి నాలుగు స్థానాల ప్రొటెక్షన్‌తో. ప్రొటెక్షన్ లేకుండా దూరపు పిక్ చివరి మాట. దాన్ని మొదటి ఫోన్‌లోనే పెట్టకూడదు.

ప్రొటెక్షన్ ఎంత పని చేస్తుందో ఫిలడెల్ఫియాను అడగాలి. 2025లో వాళ్ల పిక్ ఒక్లహామాకు బాకీ, తొలి ఆరు స్థానాల్లో పడితే మాత్రం తమదే. 24 గెలుపుల సీజన్ తర్వాత లాటరీలో మూడో స్థానం వచ్చింది, వీజే ఎడ్జ్‌కోంబ్ వాళ్లకే దక్కాడు. బాకీ మాత్రం పోలేదు, తర్వాతి ఏడాదికి జరిగింది. ప్రొటెక్షన్ తగిలినప్పుడల్లా ఇంకో మెలిక కూడా పడుతుంది. ఆ బాకీ తీరేదాకా స్టెపియన్ రూల్ వల్ల తర్వాతి ఏళ్ల పిక్‌లు కూడా కట్టిపడేసినట్టు ఉంటాయి. రెండో స్టార్ కోసం చెయ్యి చాచినప్పుడు అది తెలుస్తుంది.

పిక్‌ల ట్రేడ్‌లలో ఒక్లహామా అందరికంటే లాభపడిందని చెప్పేటప్పుడు ఒక సంగతి మరిచిపోతారు. 2019లో పాల్ జార్జ్ కోసం క్లిప్పర్స్ షాయ్ గిల్జస్-అలెగ్జాండర్, డనీలో గలినారి, అయిదు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, రెండు స్వాప్‌లు ఇచ్చారు. ఆ పిక్‌లలో ఒకటి 2022లో జేలెన్ విలియమ్స్ అయ్యాడు. 2025లో ఒక్లహామా ఛాంపియన్, గిల్జస్-అలెగ్జాండర్ సీజన్‌కూ, ఫైనల్స్‌కూ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు). అయితే అది ఒక్క జార్జ్ ధర అనుకోకూడదు. జార్జ్ వస్తేనే లెనార్డ్ సంతకం పెడతాడు. క్లిప్పర్స్ ఇద్దరికి కట్టారు. ఆ ధరను కొలబద్దగా పెట్టుకుని ఒక్క ఆటగాడికి అయిదు ఫస్ట్‌లు అడగడం, ఇవ్వడం రెండూ తప్పే. నిజంగా పోయింది పిక్‌ల కంటే ఆ ఇరవై ఏళ్ల గార్డు. అతణ్ని గీత బయట పెట్టడమే అసలు దెబ్బ.

2024లో న్యూయార్క్ మికాల్ బ్రిడ్జెస్‌కు అయిదు ఫస్ట్‌లు, ఒక స్వాప్ ఇస్తే "ఆల్‌స్టార్ కూడా కాని వాడికా" అన్నారు. అతని జీతం ఆ ఏడాది 2.33 కోట్లు. అదే స్థాయి ఆటకు నాలుగు కోట్లిచ్చే చోట అది కారుచౌక. బ్రన్సన్, అనునోబి, హార్ట్ ముగ్గురినీ ఉంచుకునే జీతాలు దొరికాయి. 2025లో ఆ జట్టు ఈస్ట్ ఫైనల్ ఆడింది. అయిదు ఎక్కువే అని నా అభిప్రాయం, కానీ వాళ్లు కొన్నది ఆటతో పాటు ఆ కాంట్రాక్టును. వచ్చేవాడి పేరుతో పాటు అతని జీతం, మిగిలిన ఏళ్లు, ఆఖరి ఏడాదికి అతని వయసు రాయకుండా ధర కట్టకండి. మిల్వాకీకి 2025లో ఇది బాగా తెలిసొచ్చింది. డేమియన్ లిల్లర్డ్ కాలి మడమ స్నాయువు తెగాక, మిగిలిన 11.3 కోట్లను అయిదేళ్లకు పరిచి అతణ్ని వదులుకోవాల్సి వచ్చింది. ఏటా రెండుంపావు కోట్లు, ఆడని మనిషి పేరున.

ఇక అవతలివాడి అవసరం. కొత్తగా కట్టుకునే జట్టుకు కుర్రాళ్లు, పిక్‌లు కావాలి. ఇప్పుడే గెలవాలనే జట్టుకు ఆడే మనిషి కావాలి. మీ దగ్గర ఉన్నది ఒకటి, వాళ్లకు కావాల్సింది ఇంకొకటి అయితే మూడో జట్టును వెతకాలి. పోటీకి ఎవరున్నారన్నది కూడా ధరే. 2025 ఫిబ్రవరిలో డాలస్ లూకా డాన్చిచ్‌ను లేకర్స్‌కు ఇచ్చినప్పుడు తెచ్చుకుంది ఆంథొనీ డేవిస్, మ్యాక్స్ క్రిస్టీ, 2029 పిక్ ఒక్కటి. లీగులో మిగతా జట్లను వేలానికి పిలవలేదు కాబట్టే ఆ ధర. కొనేవైపు ఉంటే ఇలాంటి నిశ్శబ్దమే వరం. స్టార్ ఫలానా ఊరికే వెళ్తానన్నా భయపడక్కర్లేదు. నో-ట్రేడ్ క్లాజ్ లేకపోతే ఆ మాట కోరిక మాత్రమే. లిల్లర్డ్ మయామీ అడిగాడు, 2023లో మిల్వాకీ వెళ్లాడు.

ఒప్పందం కుదిరినా వైద్య పరీక్ష దాటాలి. 2025 ఫిబ్రవరిలో సెంటర్ మార్క్ విలియమ్స్ కోసం లేకర్స్ డాల్టన్ నెక్ట్, క్యామ్ రెడిష్, 2031 పిక్, 2030 స్వాప్ ఇచ్చి, పరీక్షలో తేడా వచ్చిందని ట్రేడ్ రద్దు చేసుకున్నారు. అప్పటికి ట్రేడ్‌ల డెడ్‌లైన్ దాటిపోయింది, ట్రేడ్‌లో ఇంకో సెంటర్‌ను తెచ్చుకునే దారి లేదు. గాయాల చరిత్ర ఉన్నవాడి కోసం అడిగేటప్పుడు చివరి గంట దాకా లాగకపోవడం మంచిది. డెడ్‌లైన్ అక్కడ గురువారం మధ్యాహ్నం మూడు, మనకు తెల్లవారితే శుక్రవారమనగా రాత్రి ఒకటిన్నర. తెల్లారి లేచి ప్రతిపాదన పెట్టేవాళ్లకు ముందే చెబుతున్నా.

ట్రేడ్ మెషీన్లు జీతాల సూత్రం బాగానే చూస్తాయి. స్టెపియన్ రూల్, ట్రేడ్ కికర్, డిసెంబర్ 15 తేదీ, రోస్టర్ కనీస సంఖ్య లాంటివి అన్నీ పట్టవు, ఆ పచ్చ టిక్కును నమ్మొద్దు. గ్రూపులో ప్రతిపాదన పెట్టేవాళ్లు ఇట్టా రాస్తే చాలు: పంపే జీతాల మొత్తం, వచ్చే జీతాల మొత్తం, ట్రేడ్ తర్వాత ఏ ఏప్రన్‌కు ఎంత దూరం, రోస్టర్‌లో ఎంతమంది, ప్రతి పిక్ పక్కన ఏడాది, ప్రొటెక్షన్. ఆ కింద, స్టార్‌తో కలిపి మ్యాచ్ ఆఖరి అయిదు నిమిషాలు ఆడే అయిదుగురి పేర్లు.